పాతబండికి క్రొత్తబలము

మనుష్యుడు బలమును కోరుట దోషము కాదు. బలహీనతయే పుణ్యమని చాటిన ఉపదేశములవలన మన దేశమునకు కలిగిన మేలు మిక్కిలి స్వల్పము. కాని బలము ఇంకెంత దొరకునని అడుగువారు పెక్కుమంది. దొరికిన బలమును ఆపుట ఎట్లని అడుగువారు కొలదిమంది. ఈ రెండవ ప్రశ్న ఎంత ముఖ్యమో తెలిసికొనుటకు వేదాంతగ్రంథములను తిరుగవేయ నక్కరలేదు. ఇంటిముందర నిలిచియున్న పాత మోటారుబండి చాలును. దాని ఇంజనును తీసివేసి, అంతకంటె బలమైన దానిని పెట్టింపవచ్చునా కూడదా అను విచారణ చూచుటకు మెకానిక్కు తీర్పవలసిన చిన్నపని. యోచించినకొలది అది ధర్మవిచారణయే యగును.

అంబాసిడరు కారు నెరుగని తెలుగు కుటుంబ ముండదు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ బండి ననుసరించి హిందుస్థాన్ మోటార్సువారు కలకత్తా చేరువనున్న ఉత్తరపాడ కర్మాగారమున 1957లో దీనిని నిర్మింప నారంభించిరి, 2014లో నిలిపివేసిరి. మంత్రులును, కలెక్టరులును, వైద్యులును, పెండ్లివారును, టాక్సీవారును ఒకే బండిలో తిరిగిన కాల మది. బహుకాలము దానిలో నుండిన పెట్రోలు ఇంజను 1489 ఘన సెంటీమీటర్లది. బలము రమారమి 50 గుఱ్ఱములది. ఆ నాటి బాటలకు అది చాలెను. నేడు విజయవాడనుండి హైదరాబాదు పోవు నాలుగు వరుసల బాటమీద ఆ బండి నడచుచుండగా వెనుకవారు హారను మ్రోగించుచు దాటిపోవుదురు. అంతట ఇంటిలోని యువకుడు "దీనికి పెద్ద ఇంజను పెట్టింతము" అనును. పెద్దవారు "నాన్నగారి బండి, దానిని తాకవలదు" అందురు. ఈ ఉభయపక్షములను నిష్పక్షపాతముగా పరీక్షింతము.

తాకవలదనువారి వాదము ప్రేమనుండి పుట్టినది. ప్రేమ గౌరవింపదగినదే, కాని అది హేతువు కాజాలదు. ఆ బండి టైర్లు ఎన్నిసార్లు మారినవి? బ్యాటరీ ఎన్నిసార్లు మారినది? సీటుగుడ్డ, గాజులు, రంగు, పిస్టనులు ఇవి యన్నియు నాన్నగారి నాటివేనా? ఏథెన్సువారు థీసియసు ఎక్కిన నావను కాపాడుచు, చివికిన పలకను చివికినట్లు తీసి క్రొత్తది బిగించుచుండగా, అది ఆ నావయేనా కాదా అని తత్త్వవేత్తలు తర్కించిరని ప్లూటార్కు వ్రాసెను. మన దేశమున ఇంతకంటె లోతైన విచారణ జరిగినది. మిలిందపన్హమను పాళీగ్రంథమున నాగసేనుడను భిక్షువు యవనరాజగు మిలిందుని ఆయన ఎక్కివచ్చిన రథమును గూర్చియే ప్రశ్నించును. నొగ రథమా? ఇరుసు రథమా? చక్రములు రథమా? ఒక్కొక్కటి విడిగా రథము కాదని రాజు ఒప్పుకొనును. అవి యన్నియు తగినట్లు కూడినప్పుడు ఆ కూడికకే రథమని పేరని తేలును.

ఈ సమాధానము మన యుభయపక్షములకును వర్తించును. ఏ యొక్క భాగమునందును బండియొక్క ఆత్మ లేదు; కావున ఇంజను మార్చినంతమాత్రమున తండ్రి జ్ఞాపకమునకు అపచారము కలుగదు. నిర్మాతలే 1990 తరువాతి సంవత్సరములలో ఈ బండికి జపానుదేశపు ఇసుజు ఇంజనును పెట్టిరి. దాని బలము రమారమి 75 గుఱ్ఱములది. బండి పేరు మారలేదు. అది అంబాసిడరు కాదని ఎవరును అనలేదు. అయితే వారు ఇంజనుతోబాటు ఐదు గేర్ల పెట్టెనుగూడ మార్చిరను సంగతి మరువరాదు. భాగములు తగినట్లు కూడవలెను. ఒకదానిని పెంచి తక్కినవానిని విడిచినచో కూడిక చెడును. కూడిక చెడినచో బండియే చెడును.

ఇక యువకుని వాదమును చూతము. "బండి నాది, ధనము నాది, ఇష్టము నాది" అని యతడనును. ఆ బలము ఇంజనులోనే నిలిచియుండునా? అది క్లచ్చిద్వారా గేరుపెట్టెకును, పొడుగు షాఫ్టుద్వారా వెనుక ఇరుసునకును, అందుండి చక్రములకును పోవలెను. 50 గుఱ్ఱముల బలమునకు చేసిన క్లచ్చి నూరింటిని పట్టజాలక జారును, ఇరుసు తెగవచ్చును. ఎక్కువ బలము ఎక్కువ వేడిని పుట్టించును. పాత రేడియేటరు దానిని చల్లార్పజాలదు. క్రొత్త ఇంజను బరువైనదైనచో ముందుచక్రముల నాదుకొను ఉక్కు కడ్డీలు క్రుంగును. మలుపులలో బండి పట్టు మారును. ఇవన్నియు యజమాని ధనమునకు కలుగు నష్టములు. వానిని అతడే భరించును గనుక మనము ఎక్కువ విచారింప నక్కరలేదు.

విచారింపవలసినది బ్రేకులను గూర్చి. ఆ పాతబండ్లలో నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. మాటిమాటికి గట్టిగా అదిమినచో అవి వేడెక్కి పట్టు సడలును. చలనశక్తి వేగముయొక్క వర్గము ననుసరించి పెరుగునని బడిపిల్లలకుగూడ తెలియును. గంటకు 60 కిలోమీటర్లు పోవు బండి 90 పోయినచో వేగము ఒకటిన్నర రెట్లే యైనను, బ్రేకులు వేడిగా మార్చి పారవేయవలసిన శక్తి రెండుంబావు రెట్లగును. అడ్డువచ్చినదానిని చూచి కాలు బ్రేకుమీద పెట్టుటకు ఒక సెకను పట్టిననుకొన్నను, 60 వేగమున బండి 17 మీటర్లు పోవును. 90 వేగమున 25 మీటర్లు పోవును. ఆ ఎనిమిది మీటర్లలో రోడ్డు దాటుచున్న బాలిక యుండవచ్చును. "ఇష్టము నాది" అను మాట ఆమెకు ఎట్లు వర్తించును? ఆమెది బండి కాదు, ధనము కాదు. ప్రాణము మాత్రము ఆమెది.

2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని ప్రభుత్వపు లెక్క. ఆ మరణములలో నూటికి 70కి పైగా అతివేగమువలన కలిగినవని ఆ లెక్కయే చెప్పుచున్నది. కావుననే శాసనము ఈ విషయమున జోక్యము కలుగజేసికొనెను. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టముయొక్క 52వ సెక్షను, నిర్మాత మొదట నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుట కూడదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీముకోర్టు దీనిని దృఢపరచెను. రిజిస్ట్రేషను పత్రమున ఇంజను సంఖ్య వ్రాయబడియే యుండును. అధికారికిని, బీమాకంపెనీకిని తెలుపక రహస్యముగా ఇంజను మార్చినవాడు ప్రమాదము జరిగిననాడు గాయపడినవారికి కష్టముమీద కష్టము తెచ్చిపెట్టును. చాటుగా చేయవలసిన సంస్కరణము సంస్కరణము కానేరదు.

ఇంకొక ప్రశ్న. ఇంటిలో ఆ బండి ఎక్కువారందరిని యువకుడు అడిగెనా? వెనుకసీటులో కూర్చుండు ఇల్లాలును, ముసలితల్లియు, పిల్లలును ఆ వేగమును కోరిరా? ఆ కాలపు బండిలో వారిని పట్టియుంచు బెల్టులు లేవు. మెడను ఆదుకొను దిండు లేదు. మన యిండ్లలో స్టీరింగు పట్టినవాడే ఇంటిల్లిపాది సాహసమును నిర్ణయించుట చిరకాలపు అలవాటు. స్త్రీకి ఓటు అక్కరయని వాదించు విద్యావంతులు, ఆమె ప్రాణమునకు సంబంధించిన ఈ చిన్న విషయమున ఆమె అభిప్రాయ మడుగకుండుట విచిత్రము.

"బలము లేకుండుటయు అపాయమే కదా! లారీని దాటబోయి మధ్యలో చిక్కుకొన్న నీరసపు బండి సంగతి యేమి? ఘాటురోడ్డు ఎక్కలేక వెనుకకు జారు బండి సంగతి యేమి?" అని కొందరడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న, దీనిని కొట్టివేయరాదు. అవసరమునకు చాలినంత బలము ఉండవలసినదే. కాని అపాయమునుండి తప్పించుకొనుటకని తెచ్చిన బలము అక్కడితో ఆగుట అరుదు. లారీని దాటుటకు తెచ్చినది కొన్నాళ్లకు ప్రక్కవానిని ఓడించుటకు వినియోగపడును. వెనుకబడితినను అవమానము పెక్కుసార్లు అవసరమను వేషము ధరించి వచ్చును. ఈ రెంటిని వేరుపరచుటకు ఒక పరీక్ష కలదు: బ్రేకులకు వ్యయము చేయుమన్నప్పుడు ఇంజనుకు చూపినంత ఉత్సాహము చూపువాడు నిజముగా క్షేమమును కోరినవాడు.

కావున మార్చరాదని నే ననను. వరుస తప్పరాదని యందును. మొదట బ్రేకులు, తరువాత టైర్లు, కమానుపట్టీలు, స్టీరింగు కీళ్లు, తరువాత సీటుబెల్టులు, తరువాత క్లచ్చి, ఇరుసు, రేడియేటరు, పిదప అధికారి అనుమతి, అన్నిటికంటె చివరకు ఇంజను. ఈ వరుసను నడపినవారిలో అనేకులకు చివరిమెట్టు అవసరమే తోపదు. సిలిండర్లు బోరు చేయించి, క్రొత్త పిస్టనులు వేయించి, వాల్వులు సరిచేయించిన పాత ఇంజనే హాయిగా నడచును. నమ్మకముగా ఆగు బండిని నడుపువానికి త్వరపడవలెనను ఆత్రము తగ్గును. అప్పటికిని మార్పు కోరువారికి, పెట్రోలు విడిచి విద్యుచ్ఛక్తితో నడచునట్లు ఆమోదింపబడిన సామగ్రితో మార్చుకొనుటకు చట్టమే త్రోవ చూపినది. అక్కడను వరుస ఇదియే.

పాతదగుటచే పూజ్యమనువాడును, బలమైనదగుటచే మేలనువాడును ఒక్క పొరపాటునే చేయుచున్నారు: ఇరువురును ఒక భాగమును చూచి మొత్తమును మరచుచున్నారు. మన సంఘమును సంస్కరింప బూనినవారికిని ఇది తెలియవలసిన సంగతి. ఒక ఉద్యోగికి అధికారమిచ్చి జవాబుదారీ ఏర్పరుపకుండుట, ఒక యువకునికి ఆస్తి యిచ్చి లెక్క నేర్పకుండుట, పాతబండికి పెద్ద ఇంజను పెట్టి పాత బ్రేకుల నుంచుట వంటివే. ముందునకు పోవుటకు జంకువానిని మనము పిరికివాడని నిందింతుము. ఆగుటకు సాధనము లేక ముందునకు పోవువానిని సాహసియని పొగడుదుము. రోడ్డు దాటుచున్న ఆ బాలికను అడిగినచో ఈ రెండవవానికి తగిన పేరేమో ఆమెయే చెప్పగలదు.