కంటికి కన్ను



2008వ సంవత్సరము డిసెంబరు మాసమున వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడ్ పోసిరి. మూడు దినములు గడచునప్పటికి, విచారణ జరుగకమునుపే, నిందితులు ముగ్గురును పోలీసు కాల్పులలో మరణించిరి. జనులు పోలీసులకు పూలమాలలు వేసిరి. మనలోను అనేకులము తగిన శాస్తి జరిగెననుకొంటిమి. ఆ నెలాఖరున ఆ ఆడబిడ్డలలో ఒకామె మరణించెను. మన కోపము నిష్కారణమైనది కాదు. అయినను, శిక్ష కాలిన కంటికి చూపునిచ్చునా?

కంటికి కన్ను అను మోషే ధర్మశాస్త్రపు నియమము పగ మితిమీరకుండ వేసిన గట్టు. అయితే ఆ లెక్క సరిపోయిన దినమున మిగులునది ఇద్దరు గ్రుడ్డివారే.

చూపు వచ్చు త్రోవ వేరు. మన నల్లగ్రుడ్డుపై అద్దమువంటి పొర గలదు. దానిని కార్నియా అందురు. దాని చుట్టునున్న అంచులోని మూలకణములు ఆ పొరను ఎల్లప్పుడు క్రొత్తదిగా చేయుచుండును. యాసిడ్ గాని, మన యిండ్లలోని సున్నము గాని ఆ అంచును కాల్చినయెడల పొర మసకబారును. అప్పుడు దాత కార్నియాను అతికినను, అంచు చచ్చినందున అది నిలువదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు దీనికి 2012లో ఒక సులభమైన శస్త్రచికిత్సను ప్రకటించిరి. ఒక కన్ను మాత్రమే కాలినవారికి, బాగున్న కంటి అంచునుండి 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, 8 నుండి 10 తునకలు చేసి, కాలిన కంటిపై పరచిన ఉమ్మనీటి సంచి పొరమీద నాటుదురు. అవి నారువలె పాదుకొని, కొన్ని వారములలో కన్నంతయు కప్పును. ఇచ్చిన కంటికి సాధారణముగా చూపు తగ్గదు. లోపలి మచ్చ గాఢమైనదైతే, అటుతరువాత దాత కార్నియా నిలుచుటకు వీలగును.

ఇదియు కంటికి కన్నే. కాని పెరికివేయుట కాదు, పంచియిచ్చుట. ఒక అవయవము బాధపడగా తక్కినవి ఊరకుండజాలవని పౌలు కొరింథీయులకు నేర్పినది ఇక్కడ కండ్లయెదుట కనబడుచున్నది.

కాబట్టి దోషి సంగతి న్యాయస్థానమునకు విడిచి, బాధితుని సంగతి మనమెత్తుకొందము. బిడ్డ కంట సున్నము పడినయెడల, నలుపక, వెంటనే మంచినీటితో అరగంటసేపు కడిగి ఆసుపత్రికి కొనిపోదము. మన మరణానంతరము ఆరు గంటలలోగా కార్నియాలు ఇచ్చునట్లు ఇంటివారితో ఇప్పుడే చెప్పి యుంచుదము. పునరుత్థాన దినమున కండ్లు లేక లేతుమని జడియనేల? మంటిలో కలిసిన దేహమునే లేపువానికి, ప్రేమతో ఇచ్చిన కన్ను కరవగునా?