సలామ్‌కు సాక్ష్యం అడిగితే

దేశానికి యాభై ఏళ్లు నిండిన 1997లో ఏ.ఆర్. రెహమాన్ 'వందేమాతరం' ఆల్బమ్ వచ్చింది. సంకల్పం భరత్‌బాలది, విడుదల చేసింది సోనీ మ్యూజిక్. అందులోని 'మా తుఝే సలామ్' ఊరూరా మోగింది. రాసింది మెహబూబ్. బాణీ కట్టి పాడింది రెహమాన్. ఇద్దరూ మావాళ్లేనని మేం మురిసిపోయాం.

ఆ మురిపెం వెనక పాత గాయముంది. బంకించంద్రుడి గీతం 1882లో 'ఆనందమఠ్' నవలతో పుస్తకానికెక్కింది. తర్వాతి చరణాల్లో దేశం దుర్గ అవుతుంది. అల్లాకు తప్ప ఎవరికీ సజ్దా చేయని మాకు అక్కడ గొంతు పెగలదు. 1937లో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీయే మొదటి రెండు చరణాలు చాలంది. ఇంకో పుటా దాచం. 1938లో ఆ గీతం పాడారని ఉస్మానియా విద్యార్థుల్ని నిజాం ఏలుబడిలో బయటికి గెంటారు. పాడొద్దని కర్రెత్తినా, పాడి తీరాలని కర్రెత్తినా కర్ర కర్రే.

ఈ పాట వాదానికి దిగలేదు. 'వందేమాతరం' అన్న మాటను ఉంచుకుంటూనే పక్కన సలామ్‌ను నిలబెట్టింది. సలామ్ మా ఇళ్లలో పొద్దున లేస్తే అమ్మీకి చెప్పేది, గల్లీలో ఎదురైన చాచాకు చెప్పేది. నీకు శాంతి కలగాలన్న దువా అది. దేవతగా కొలవకుండానే తల్లిని ప్రేమించొచ్చని ఆ ఒక్క మాట చెప్పింది. హిందువులూ అదే మాట గొంతెత్తి పాడారు.

కానీ పాట గెలిచాక దాన్నే మా ముందు కొలబద్దగా పెట్టారు. 'రెహమాన్‌ను చూడండి, మీరెందుకలా ఉండరు?' అన్నారు. దేశభక్తి పాట కట్టిన హిందువును చూపించి ఏ హిందువునైనా ఇలా అడిగారా? క్రికెట్ మ్యాచ్ రోజున మా ముఖాల్లో వెతికే సాక్ష్యాన్నే ఈ పాటలోనూ వెతికారు. ఆ ఆల్బమ్‌లోనే పాకిస్తాన్ గాయకుడు నుస్రత్ ఫతే అలీఖాన్ గొంతుందన్న సంగతి మాత్రం వాళ్లు ఎత్తరు. మన దేశాన్ని ప్రేమించడానికి పొరుగువాణ్ణి ద్వేషించనక్కర్లేదని రెహమాన్ చేతల్లోనే చూపించాడు.

అమ్మను ప్రేమిస్తున్నట్టు రుజువు తెమ్మని కొడుకునెవరూ అడగరు. అడిగారంటే వాణ్ణి కొడుకుగా ఒప్పుకోలేదన్నమాట. పాడే ముస్లిమూ, పాడలేక మౌనంగా లేచి నిలబడే ముస్లిమూ ఈ మట్టిలోనే పుట్టారు, ఈ మట్టిలోనే కలుస్తారు. రెహమాన్ ఆ పాటను ఎవరూ బలవంతం చేయకుండా పాడాడు. మమ్మల్నీ అలాగే పాడనివ్వండి.