పట్టాలో లేని పేర్లు

ధ్యానభాగములు: లేవీయకాండము 25:23–34, సంఖ్యాకాండము 35:1–5



మన గ్రామములలో రోడ్డు ప్రక్కనున్న పొలములు ఒకటొకటిగా ప్లాట్లగుచున్నవి. నిరుటివరకు వరి పండిన మడిలో నేడు హద్దురాళ్లు పాతియున్నవి. ఈ సంగతి రచ్చబండ యొద్ద వచ్చినప్పుడెల్ల వినబడు జవాబొకటియే: "ఎవరి పొలము వారి యిష్టము. అమ్ముకొనవద్దని చెప్పుటకు మనమెవరము?" ఈ మాట రిజిస్ట్రారు ఆఫీసులో చెల్లును. దేవుని యెదుట ఇంతమాత్రముతో చెల్లునా యనునది ఈ మాసము మనము ఆలోచింపవలసిన ప్రశ్న.

మొదట అమ్మువాని పక్షమున చెప్పవలసినది చెప్పుదము. పొలము అమ్ముకొనువారందరు దురాశపరులు కారు. వాన తప్పినది, ఎరువుల అప్పు పెరిగినది, ఇంటిలో ఆసుపత్రి ఖర్చు వచ్చిపడినది. పంటమీద రాని డబ్బు స్థలముమీద వచ్చుచుండగా అతడేమి చేయును? అట్టివానిని అహాబుతో పోల్చుట న్యాయము కాదు. బీదవాడై భూమి నమ్ముకొనువాడు ఉండునని ధర్మశాస్త్రమునకు తెలియును. అందుచేతనే అతని సమీపబంధువు దానిని విడిపింపవచ్చుననియు, ఏబదియవ సంవత్సరమున అది తిరిగి అతని కుటుంబమునకు చేరవలెననియు అందు ఏర్పాటున్నది.

అయితే ఆ ధర్మశాస్త్రమే పొలముగలవానికి మరియొక మాట చెప్పుచున్నది. పంట కోయునప్పుడు పొలపు ఓరలను పూర్తిగా కోయకూడదు. పరిగె బీదలకును పరదేశులకును విడువవలెను. రూతు తన అత్తను పోషించినది అట్టి పరిగెతోనే. పొలము బోయజుదే, సందేహము లేదు. కాని ఆ పొలముమీద బ్రదుకువాడు బోయజు ఒక్కడే కాడు.

మన ఊళ్లలోను అంతియే. నాట్లువేయు స్త్రీలు, కౌలురైతు, గట్టుమీద గడ్డి కోసి గేదెను మేపుకొను వృద్ధురాలు, కోతలైన తరువాత జీవాలను తోలుకొను కాపరి – వీరి పేర్లు ఏ పట్టాదారు పాసుపుస్తకములోను లేవు. పొలము ప్లాటైన దినమున యజమానికి వెల ముట్టును. వీరికి పని పోవును. మన సంఘములలో అనేకులు ఈ పేర్లు లేనివారిలోని వారే గదా.

ఇది ప్రభుత్వమునకు తెలియని సంగతి కాదు. 2015లో అమరావతి కొరకు కృష్ణానది ఒడ్డున రైతులు సుమారు 33 వేల ఎకరాలను సమీకరణలో ఇచ్చిరి. అరటి, పూలు, కూరగాయలు పండిన నేలలవి. భూమి యిచ్చినవారికి ప్లాట్లును ఏటేట కౌలును ఏర్పాటు చేయగా, భూమిలేని పేదకుటుంబములకు నెలకు 2,500 రూపాయల పింఛను ఏర్పాటు చేసిరి. రాజధాని అవసరమా కాదా యనునది ఇచ్చట మన విచారణ కాదు. పట్టా లేనివారు కూడ నష్టపడుదురని అంత పెద్ద కార్యములోనే ఒప్పుకొనగా, ఊరిలో ఎకరము రెండెకరములు అమ్మునప్పుడు వారిని తలంచువాడెవడు?

ఇక ఊరుమ్మడి భూమి సంగతి. లేవీయుల 48 పట్టణముల చుట్టు నలుదిక్కుల రెండువేల మూరల నేల పశువులకు విడువబడెను. లేవీయుడు ఇల్లు అమ్ముకొనవచ్చును, తరువాత విడిపించుకొనవచ్చును. ఆ మేతభూమిని మాత్రము అమ్మరాదు. ఏలయనగా ఇల్లు ఒక కుటుంబముది. మేతభూమి అందరిది, ఇక పుట్టబోవు బిడ్డలది. తన కష్టము ఎంత నిజమైనదైనను దానిని అమ్ము హక్కు ఏ ఒక్కనికిని లేదు.

మన దేశపు సుప్రీంకోర్టు కూడ 2011 జనవరి 28న ఇట్టి తీర్పే చెప్పెను. పంజాబులోని పటియాలా జిల్లాలో కొందరు గ్రామపు చెరువును పూడ్చి ఇండ్లు కట్టుకొనిరి. ఇండ్లు లేచినను, చాలకాలము గడచినను అది హక్కు కానేరదనియు, ఊరుమ్మడి భూములను ఆక్రమణల నుండి విడిపించి గ్రామస్థులకు అప్పగింపవలెననియు కోర్టు అన్ని రాష్ట్రములకు ఆజ్ఞాపించెను. భూమిలేని కూలీలకు ప్రభుత్వమే కౌలుకిచ్చిన స్థలములు, అప్పటికే పాఠశాల, వైద్యశాల వంటివి ఉన్న స్థలములు మొదలగువాటిని మాత్రము వేరుగా చూడవచ్చుననెను.

ఇచ్చట మన సంఘపెద్దలకు ఒక మాట చెప్పక తప్పదు. మందిరమునకు స్థలము చాలనప్పుడు చెరువు శిఖము మీదికిని, మేత పోరంబోకు మీదికిని చూపు పోవును. "దేవుని పనికే గదా" అని మనస్సు సమాధానము చెప్పుకొనును. దేవుని సేవకులైన లేవీయులకే ఆ బీడుమీద అట్టి అధికారము లేకపోగా మనకెట్లుండును? ఊరి పశువుల మేత తీసికొని కట్టిన గోడలలో చేయు స్తుతి పొరుగువానికి ఎట్లు వినబడును?

కాబట్టి మేము కోరునది అయిదు సంగతులు. పొలము అమ్మదలచినవారు బేరమునకు ముందే కౌలుదారునికిని కూలీలకును తెలియజేయుదురు గాక. సాగుచేయువాడు కొనగలిగినయెడల, కొంచెము తగ్గినను, మొదట వానికే అవకాశమిత్తురు గాక. అప్పుచేత అమ్మవలసివచ్చిన సహోదరుడున్నయెడల సంఘము అతని విమర్శించుటకు ముందు సహాయనిధి తెరచును గాక. గ్రామసభలో పోరంబోకు విషయము వచ్చు దినమున మన స్త్రీలును పురుషులును తప్పక హాజరగుదురు గాక. మందిరమునకు స్థలము తీసికొనునప్పుడు పెద్దలు రెవెన్యూ రికార్డు చూచిన తరువాతనే ప్రార్థించి పునాదిరాయి వేయుదురు గాక.

భూమి తనదనియు, మనము తనయొద్ద కాపురమున్న పరదేశులమనియు ప్రభువు చెప్పియున్నాడు. పరదేశి తాను విడిచిపోవు నేలను తరువాత వచ్చువానికి పనికివచ్చునట్లు ఉంచవలెను. అట్టి మనస్సు ఆయన మనకందరికి దయచేయును గాక. ఆమేన్.