గాఢనిద్రలో భయం ఎవరిది?

నిద్రపోయిన గంటా రెండు గంటలకు పిల్లవాడు దిగ్గున లేచి కూర్చుని, కళ్లు విప్పార్చి, చెమటలు కక్కుతూ కేకలు పెడతాడు. ఎదురుగా ఉన్న తల్లిని కూడా గుర్తుపట్టడు. ‘దడుసుకున్నాడు’ అని ఇంట్లోవాళ్లు అనే ఈ స్థితిని వైద్యులు ‘నైట్ టెర్రర్’ అంటారు. పీడకల ఎక్కువగా తెల్లవారుజామున వచ్చి, మేలుకున్నాక గుర్తుంటుంది. ఇది మాత్రం గాఢనిద్ర నుంచి మెదడు సగమే మేలుకోవడం వల్ల కలిగేది కనుక, తెల్లవారితే పిల్లవాడికి దాదాపు ఏమీ గుర్తుండదు.

వేదాంతానికి చిక్కు ఇక్కడే వస్తుంది. మాండూక్యోపనిషత్తు ‘సుషుప్తి’ని, అంటే గాఢనిద్రను, కోరికా కలా లేని ఆనందస్థితిగా చెప్పింది. హాయిగా నిద్రపట్టిందని, ఏమీ తెలియలేదని లేచినవాడు చెప్పుకొనే మాటను, నిద్రలోనూ ‘సాక్షి’, అంటే చూస్తూ ఉండే చైతన్యం, ఉందనడానికి అద్వైతులు ఆధారంగా చూపుతారు. రాత్రంతా హడలిపోయిన తల్లిదండ్రుల ఎదుట ఆ పిల్లవాడూ పొద్దున్నే అదే మాట చెబితే, ఆ భయం ఎవరు అనుభవించినట్లు?

దీనికి దగ్గరి చర్చ ఒకటుంది. బ్రహ్మసూత్రాలలో (3.2.10) మూర్ఛను మెలకువలోనూ కలలోనూ గాఢనిద్రలోనూ చేర్చక సగం స్థితిగా నిర్ణయించారు. దానికి శంకరులు తమ భాష్యంలో చెప్పిన గుర్తులు ఆశ్చర్యం కలిగిస్తాయి: మూర్ఛితుడి ముఖం భయంకరంగా ఉంటుంది, కళ్లు విప్పారి ఉంటాయి, ఒళ్లు వణుకుతుంది, నిద్రించేవాడి ముఖమేమో ప్రసన్నంగా ఉంటుంది, చేత్తో తడితే లేస్తాడు. అయితే మూర్ఛకు దెబ్బ వంటివి, నిద్రకు అలసట కారణమని కూడా ఆయనే అన్నారు. దడుపు, గుర్తులను బట్టి మూర్ఛ పక్షాన, అలసటతో పెరుగుతుంది కనుక కారణాన్ని బట్టి నిద్ర పక్షాన నిలుస్తుంది. భాష్యకారులు ఎత్తుకోని ఈ ఉదాహరణకు ‘సగం స్థితి’ అన్న పేరే అన్నిటికన్నా బాగా నప్పుతుంది.

సగమే మేలుకున్నవాడిని పట్టి కుదిపితే గాభరా పెరుగుతుంది. మంచం మీంచి పడకుండా, గోడకు తల తగలకుండా పక్కన కూర్చుంటే, చాలాసార్లు కొన్ని నిమిషాల్లోనే మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. రోజూ ఒకే వేళకు వస్తుంటే, అంతకు పావుగంట ముందు మెల్లగా లేపి పడుకోబెట్టే పద్ధతి కూడా ఉంది.

సుశ్రుతసంహిత పిల్లలను పట్టి పీడిస్తాయనే తొమ్మిది బాలగ్రహాలను పేర్కొంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీయడం నేటికీ ఉంది. పిల్లవాడి నిద్ర చెడనంతవరకు, పెద్దల గుండె నిబ్బరానికి చేసుకొనే ఈ తంతును తప్పుపట్టనక్కర్లేదు. పొద్దున్నే వాడిని కూర్చోబెట్టి ‘రాత్రి నిన్నేదో పట్టింది’ అని చెప్పడమే అసలు తప్పు. వాడి జ్ఞాపకంలో లేని భయాన్ని పెద్దలే అక్కడ నాటినవారవుతారు. చాలామందికి ఈ దడుపు ఎదిగేకొద్దీ తగ్గిపోతుంది. అయితే కాళ్లూ చేతులూ ఒకే తీరుగా పదేపదే కొట్టుకున్నా, నాలుక కరుచుకున్నా అది ఫిట్స్ కావచ్చు కనుక, పిల్లల వైద్యుడికి తప్పక చూపించాలి.