బిడ్డ అడుగు వేళ ప్రక్కన నుందము

ధ్యానభాగములు: యెహోషువ 4; దానియేలు 1; లూకా 2:41–51



ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నది నడుమనుండి 12 రాళ్లు మోసికొనివచ్చి గిల్గాలులో నిలువబెట్టిరి. ముందు కాలమున పిల్లలు వాటిని చూచి, ఇవి ఎందుకని తమ తండ్రుల నడుగుదురు గనుక ఆలాగు చేసిరి. ఇందులో ఒక సంగతి మనము తరచు గమనింపము. బిడ్డ అడుగవలెనన్న రాళ్లుండుట మాత్రమే చాలదు. బిడ్డను అక్కడికి తోడుకొనివచ్చి, ప్రక్కన నిలిచిన తండ్రి యుండవలెను.

మన సంఘములలో పలువురు తలిదండ్రులు మమ్ము నడుగుచున్న ప్రశ్నకు ఇదియే మూలము. క్రైస్తవ బిడ్డలు కథల పుస్తకములు చదువవచ్చునా? వారిని సినిమాకు తీసికొనిపోవచ్చునా? కూలిడబ్బులో కొంత విహారమునకు ఖర్చుచేయుట దేవునికి ఇష్టమగునా?

ముందుగా మా తప్పు ఒప్పుకొందుము. పరిచర్య ఆరంభించిన దినములలో మేము వీటన్నిటికి ఒక్కటే జవాబు చెప్పుచుంటిమి: వద్దు. ఒకనాడు సండేస్కూలు పిల్లవాడొకడు పాత చందమామ సంచికను చెట్టుక్రింద కూర్చుండి చదువుకొనుచుండెను. అందులో బేతాళుని బొమ్మ చూచి, మేము దానిని లాగుకొని చింపివేసితిమి. వాడు ఏడ్వలేదు. అయితే ఆనాటినుండి చదువుట మానలేదు గాని, మాకు చూపుట మానెను. నేడు అనేక గృహములలో జరుగుచున్నదియు ఇదే. పుస్తకమునకు బదులు సెల్‌ఫోను దుప్పటి క్రిందికి చేరినది, అంతే భేదము.

లేఖనమే మమ్మును సరిదిద్దెను. దానియేలు కల్దీయుల భాషను, విద్యను నేర్చుకొనెను. రాజు భోజనమును మాత్రము వలదనెను. పౌలు ఏథెన్సులో గ్రీకు కవుల మాటనే ఆధారము చేసికొని దేవుని గూర్చి బోధించెను. అట్లని అన్నియు మంచివే యని మేము చెప్పుట లేదు. దానియేలునకు గీత ఎక్కడ గీయవలెనో తెలిసియుండెను. తోడుగా ముగ్గురు స్నేహితులుండిరి. అయిదేండ్ల బిడ్డకు ఆ గీత తెలియదు. దానిని ఆజ్ఞచేత నేర్పలేము. ప్రక్కన కూర్చుండి, కలిసి చదివి, కలిసి నవ్వి నేర్పవలెను.

గత దసరా సెలవులలో కొందరు పిల్లలను వారి తలిదండ్రులతో కూడ హైదరాబాదునకు తోడుకొనిపోయి, విద్యానగర్‌లో కాపురమున్న మా గ్రామస్థుల యింట దిగితిమి. అక్కడనుండి చిక్కడపల్లికి పోవు త్రోవలో ఆర్.టి.సి. క్రాస్‌రోడ్సునొద్ద సినిమాహాళ్లు వరుసగా నున్నవి. పిల్లలు బొమ్మలు చూచి నిలిచిపోగా, ఇంటాయన మెల్లగా ఒక సంగతి జ్ఞాపకము చేసెను. 2024 డిసెంబరు 4వ తేది రాత్రి, అక్కడి ఒక హాలులో కొత్త చిత్రము విడుదలకు ముందు ప్రత్యేకముగా వేసిన ఆటకు జనము విరగబడగా, తొక్కిసలాటలో ఒక తల్లి మరణించెను. ఆమె చిన్న కుమారుడు మిక్కిలి గాయపడెను.

సినిమాకు పోయినందున ఈ కీడు వచ్చెనని మనలో ఎవరును అనకుందురు గాక. సిలోయము గోపురము కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు తక్కినవారికంటె పాపులని తలంపకూడదని ప్రభువే బోధించెను. ఆ కుటుంబము మన కుటుంబముల వంటిదే. మనము తీర్పు తీర్చక జాగ్రత్త నేర్చుకొందము. చిన్నబిడ్డతో బయలుదేరునప్పుడు చిత్రమునే గాక, వేళను, జనసమ్మర్దమును కూడ ఎంచవలెను. మొదటి రాత్రి ఆడిన చిత్రమునే కొన్ని దినములు తాళి పగటి ఆటలో నెమ్మదిగా చూడవచ్చును. యోసేపు మరియలు సహా, బాలుడు గుంపులో నున్నాడనుకొని ఒక దినప్రయాణము సాగిపోయిరి గదా. పండుగకు తోడుకొనిపోవుట తప్పు కాదు. గుంపులో ఎవరో చూచుకొందురులే యనుకొనుటయే అపాయము.

ఆ దినమున మేము చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు పోతిమి. ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువకులతో ఆ స్థలము నిండియుండెను. మా పిల్లలు అన్ని పుస్తకములు ఒక్కచోట చూచుట అదే మొదలు. ఒక చిన్నది తండ్రి చేయి పట్టి లాగి, “నాయినా, ఈ పుస్తకాలన్నీ ఎవలియి?” అని అడిగెను. ఆయన కూలిపని చేయువాడు, చదువు రానివాడు. కొంతసేపు ఊరకుండి, “అందరియి బిడ్డా. మనయి గూడ,” అనెను. ఆ ప్రయాణమంతటిలో అంతకంటె మంచి ప్రసంగము మేము చేయలేదు. ఆ తండ్రి ప్రక్కన లేనియెడల ఆ ప్రశ్న ఎవరి చెవిని పడియుండును?

ఆ ప్రక్కనున్న నారాయణగూడ పేరు వినగానే బాలానంద సంఘము జ్ఞాపకమునకు వచ్చును. దానిని నెలకొల్పిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ అను పత్రికను కూడ నడిపిరి. రేడియోలో వారిని పిల్లలు అన్నయ్య, అక్కయ్య అని పిలిచిరి. పంతులు అనిగాని అధికారి అనిగాని పిలువలేదు. పిల్లలతో కలిసి కూర్చుండిన వారికే అట్టి పేరు దక్కును.

అయితే ఏది ఎంచుకొనవలెను? ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో 4వ అధ్యాయము 8వ వచనము ప్రతి యింట చదువుకొనుడి. దానిని బట్టి మూడు ప్రశ్నలు వేసికొందము.

మొదటిది: బిడ్డ ప్రక్కనుండగా, కన్నులు దించుకొనకుండ మనము దీనిని కడవరకు చూడగలమా?

రెండవది: ఇది ఎవరిని చూచి నవ్వుమనుచున్నది? అనేక చిత్రములలో నల్లని వాడు, బీదవాడు, మోటమాట పలుకువాడు నవ్వులాటకు గురియగుచున్నాడు. మన బిడ్డ అక్కడ చప్పట్లు కొట్టి, ఇంటికి వచ్చి తన తండ్రి చేతులను చూచి సిగ్గుపడినయెడల, మనము టిక్కెట్టుకంటె ఎక్కువ వెల చెల్లించినట్లే. ముద్దుమాటల బూతుకంటె ఈ విషము నెమ్మదిగా ఎక్కును.

మూడవది: ఇది ఈ బిడ్డ వయస్సునకు తగినదా? 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ను మా గ్రామములో తెల్లగుడ్డ కట్టి చూపినప్పుడు, సిలువ దృశ్యమునందు చిన్నవారు జడిసి ఏడ్చిరి. భక్తి చిత్రమునకు సహా ఒడి కావలెను.

పట్టణమునకు పోలేని వారు చింతింపనక్కరలేదు. చెరువుగట్టు మీదికి నడుచుటకు, కోతపండుగనాడు పొలము చూపుటకు, దీపమునొద్ద ఒక కథ చదువుటకు రూకలు అక్కరలేదు. వీధులలో బాలురు, బాలికలు ఆడుకొను పట్టణమును దేవుడు జెకర్యా ద్వారా వాగ్దానము చేసెను. పిల్లల ఆట ఆయనకు ఇష్టమే.

మేము పుస్తకము చింపిన పిల్లవాడు నేడు ఒక బిడ్డకు తండ్రి. తిరిగి వచ్చునప్పుడు పాత పుస్తకముల అంగడిలో ఒక చందమామ కొని, అతనికిచ్చి క్షమాపణ అడిగితిమి. అతడు నవ్వి, “అయ్యగారూ, ఈసారి చదివే ఇస్తున్నారా?” అనెను. చదివే ఇచ్చితిమి.

మన బిడ్డలు అడుగు వేళ మనము ప్రక్కన నుండునట్లు ప్రభువు మనకు సమయమును, ఓర్పును దయచేయును గాక. ఆమేన్.