ఎనిమిదో వంతు అంగుళం

తార్నాకలో కూర్చుని మంచు తోడే యంత్రం గురించి రాయడం కొంచెం వింతగానే ఉంది. ఇక్కడ మంచు అంటే సంక్రాంతి ముందు తెల్లవారుజామున యూనివర్సిటీ రోడ్ల మీద కనపడే పల్చటి పొగమంచు, లేదంటే ఫ్రిజ్‌లో గడ్డకట్టేది. అయినా రెండు వారాలుగా నా బుర్రలో తిరుగుతున్నవి ఆ యంత్రానికి ఇరువైపులా బిగించి ఉండే రెండు ఇనప ముక్కలు. వాటిని స్కిడ్ షూస్ అంటారు. అవి ఏం చేస్తాయో చెప్తే తప్ప నేను అడగదలచుకున్న ప్రశ్న అర్థం కాదు కాబట్టి, ముందు ఆ సంగతి.

నేను ఎనిమిదేళ్ళుగా మినసోటాలో ఉంటున్నాను. మినియాపొలిస్‌లో ఏడాదికి సగటున 50 అంగుళాల పైనే మంచు పడుతుంది. మొదటి రెండేళ్ళూ పారతోనే నెట్టుకొచ్చాను. మూడో ఏడు నడుం పట్టేశాక, ఊరు మారిపోతున్న ఒక తెలుగాయన దగ్గర పాత స్నోబ్లోవర్ కొన్నాను. దాని ముందు భాగంలో మెలితిరిగిన ఇనప రెక్కలు మంచుని తవ్వి మధ్యకి తోస్తాయి. వెనకున్న పంకా ఆ మంచుని గొట్టంలోంచి దూరంగా విసిరేస్తుంది. అన్నిటికంటే అడుగున, నేలకి దగ్గరగా, గీకడానికి ఒక ఇనప పట్టీ ఉంటుంది. ఆ పట్టీ నేలకి ఎంత ఎత్తులో ఉండాలో నిర్ణయించేవే స్కిడ్ షూస్. నట్లు వదులుచేసి షూని కిందకి దించితే యంత్రం పైకి లేస్తుంది, షూని పైకి జరిపితే యంత్రం కిందకి దిగుతుంది. అంతే. ఇందులో ఇంజనీరింగ్ ఏమీ లేదు.

కానీ ఎంత ఎత్తు అన్న దగ్గరే ఉంది అసలు విషయం. నున్నటి సిమెంటు, తారు అయితే పట్టీకీ నేలకీ మధ్య ఎనిమిదో వంతు అంగుళం, అంటే మూడు మిల్లీమీటర్లు చాలు. ఇటుకలు పరిచిన నేల అయితే ఎక్కడో ఒక ఇటుక అంచు పైకి లేచి ఉంటుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ వదలాలి. ఇనప షూలు గీతలు పెడతాయని కొందరు ప్లాస్టిక్‌వి వేసుకుంటారు. కంకర నేల అయితే అంగుళం, కొన్నిసార్లు ఆ పైన కూడా వదలాలి. ఏ నేల మీదా సున్నా అని మాత్రం ఉండదు. సిమెంటు మీద కూడా కొంచెం వదలాల్సిందే, లేకపోతే సిమెంటు పెచ్చులు లేస్తాయి, పట్టీ అరుగుతుంది.

మా మొదటి ఇంటికి సిమెంటు డ్రైవ్‌వే. అక్కడ నా యంత్రం నేలని అద్దంలా చేసి పెట్టేది. పక్కింటివాళ్ళ డ్రైవ్‌వేతో పోల్చుకుని నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది. తర్వాత ఊరి చివర కంకర డ్రైవ్‌వే ఉన్న ఇంటికి మారాం. షూలు మార్చాలన్న ఆలోచనే రాలేదు. మూడేళ్ళు చక్కగా పనిచేసిన సెట్టింగ్‌ని ఎవరు ముట్టుకుంటారు? మా వృత్తిలో అయితే అది పాపం కూడా.

మొదటి మంచు పడ్డ రోజు, మొదలుపెట్టిన ఐదు నిమిషాలకి టపటపమని చప్పుడు వినపడింది. ఏమిటా అని చూసేలోపే గొట్టంలోంచి ఒక రాయి ఎగిరి మా ఇంటి కిటికీకే తగిలింది. కిటికీ వెనక నాలుగేళ్ళ మా పాప నిలబడి నాకు చెయ్యి ఊపుతోంది. రెండు పొరల అద్దం కాబట్టి బయటి పొర పగిలి ఆగింది. నేను ఇంజిన్ ఆపి ఎంతసేపు అలా నిలబడిపోయానో గుర్తులేదు. మార్చిలో మంచు కరిగాక చూస్తే, నా కంకర చాలావరకూ గడ్డిలో ఉంది. ఆ శీతాకాలమంతా మంచుతో పాటు నేలని కూడా తోడి పారబోశానన్నమాట.

ఎదురింటి పెద్దాయన వచ్చి షూలు సరిచెయ్యడం చూపించాడు. యంత్రాన్ని చదునైన చోట పెట్టి, పట్టీ కింద రెండు చివర్లా ఒకే మందం ఉన్న చెక్కముక్కలు దూర్చాలి. తర్వాత నట్లు వదిలి, రెండు షూలూ నేలకి ఆనేదాకా జారనిచ్చి, మళ్ళీ బిగించాలి. రెండు వైపులా ఎత్తు ఒకటే ఉండాలి. తేడా వస్తే యంత్రం ఒక పక్కకి ఒరిగి నేలని చెక్కేస్తుంది. ఇంకో మాట కూడా చెప్పాడు: కంకర మీద పడ్డ మొదటి మంచుని తియ్యకు, కారు చక్రాలతో తొక్కి గట్టిపడనియ్. రాళ్ళు కదలకుండా పట్టుకుంటుంది, ఇక ఆ చలికాలమంతా అదే నీ నేల.

ఇప్పుడు తార్నాకకి వద్దాం.

మా నాన్నకి 75 ఏళ్ళు. యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఈమధ్య మతిమరుపు మొదలైంది. డాక్టరు పేరు పెట్టి చెప్పాడు గానీ ఇక్కడ ఆ పేరుతో పనిలేదు. నేను నెల రోజులు సెలవు పెట్టి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ నాకు తెలియకుండానే ఒక పని చేస్తున్నాను. ఆయన తప్పు చెప్పిన ప్రతిదాన్నీ సరిదిద్దుతున్నాను. వారం పేరు, తేదీ, ఎవరి పెళ్ళికి ఎవరు వచ్చారు, కూరగాయలు ఎంతకి కొన్నాడు, ఏదీ వదల్లేదు. దోషం కనపడితే వెంటనే సరిచెయ్యడం పదేళ్ళుగా నా జీతం. అది చేతికి అలవాటైపోయింది.

ఒక ఆదివారం మా మేనత్త కుటుంబం వచ్చింది. నాన్న హుషారుగా 1969 సంగతి ఎత్తుకున్నాడు. తెలంగాణ కోసం విద్యార్థులు రోడ్ల మీదకి వచ్చిన రోజులు. ఆయనకప్పుడు పంతొమ్మిదేళ్ళు. క్యాంపస్‌లోంచి ఊరేగింపుగా బయల్దేరడం, పోలీసులు తరమడం, పరుగులో చెప్పు తెగిపోవడం, ముక్కూ మొహం తెలియని ఇంట్లో ఒక పెద్దామె లోపలికి లాగి తలుపేసి మంచినీళ్ళివ్వడం. చిన్నప్పట్నుంచీ వింటున్న కథే. ఈసారి మాత్రం, "మెట్రో స్టేషన్ కిందికెల్లి ఉరుకుతున్నం" అన్నాడు.

"మెట్రో 2017ల వచ్చింది నాన్నా," అన్నాను నేను. నవ్వుతూనే అన్నాను. పిల్లలు కూడా నవ్వారు.

నాన్న ఒక్క క్షణం ఆగాడు. "అవునా" అన్నాడు. ఆ పెద్దామె దాకా కథ వెళ్ళలేదు. లేచి లోపలికి పోయి పడుకున్నాడు. రాత్రి అమ్మ గిన్నెలు సర్దుతూ, నా వైపు చూడకుండానే అంది: "నువ్వొచ్చినంక ఆయన మాట్లాడుడే తగ్గిచ్చిండు. ఏమంటే ఏం తప్పు వడతవో అని."

మంచుతో పాటు నేల కూడా లేచొచ్చిందని అప్పుడు తెలిసింది. నేను తీసెయ్యాలనుకున్నది ఒక్క మెట్రో స్టేషన్నే. దాంతో పాటు తెగిన చెప్పు, మంచినీళ్ళు, ఆ పెద్దామె అన్నీ పోయాయి.

కాబట్టి ప్రశ్న ఇది: మన మనుషుల తప్పుల్లో ఎంత గీకెయ్యాలి, ఎంత వదిలెయ్యాలి?

తేలికైన జవాబు ఒకటుంది: పెద్దవాళ్ళు, పోనీలే, ఏదన్నా వదిలెయ్. దీనితో నాకు ఇబ్బంది ఉంది. తారు రోడ్డు మీద అంగుళం మంచు వదిలితే అది మర్యాద కాదు. కారు దాని మీదకెక్కితే అది అణిగి గడ్డకడుతుంది, తెల్లారి ఎవరో ఒకరు జారి తుంటి విరగ్గొట్టుకుంటారు. నాన్న పొద్దున బీపీ మాత్ర వేసుకుని, గంట తర్వాత మళ్ళీ వేసుకోబోయాడు. అక్కడ మూడు మిల్లీమీటర్లు కూడా ఎక్కువే అనిపిస్తుంది. ఎవరో ఫోన్ చేసి బ్యాంకు నుంచి అంటే నంబర్లు చెప్పబోయాడు. అక్కడా అంతే. అంటే ఒక మనిషంతా ఒకే రకం నేల కాదు. ఆయన మందుల డబ్బా సిమెంటు. 1969 కంకర.

అరిస్టాటిల్ ఇలాంటి దాని గురించే ఒక పోలిక చెప్పాడు, నికోమాకియన్ ఎథిక్స్ ఐదో భాగంలో. చట్టం అందరికీ వర్తించేలా రాస్తారు కాబట్టి కొన్ని సందర్భాల్లో అతకదు. అక్కడ దాన్ని సరిదిద్దే గుణం న్యాయానికి వ్యతిరేకం కాదు, న్యాయంలో మెరుగైన రకం అంటాడు. దానికి ఉదాహరణగా లెస్బాస్ ద్వీపపు మేస్త్రీలు వాడే సీసపు కొలబద్దని చూపిస్తాడు. అది బిగుసుకుని ఉండదు, రాయి ఎలా ఉంటే అలా వంగుతుంది. ఇది చదివినప్పుడల్లా నాకు మా ఆర్ట్స్ కాలేజీ గుర్తొస్తుంది. 1939లో పూర్తయిన ఆ భవనం గోడల్లో గ్రానైట్ రాళ్ళన్నీ అంచులు తీసి, కొలతకి చెక్కినవి. అక్కడ కొలతకి తగ్గట్టు రాయిని మార్చారు. లెస్బాస్‌లో రాయికి తగ్గట్టు కొలతని వంచారు. రెండూ గోడలే. చెక్కగలిగిన రాయి దొరికినప్పుడు మొదటి పద్ధతిలో తప్పేం లేదు. పాతికేళ్ళ జూనియర్ రాసిన కోడ్‌లో తప్పుంటే చెప్పాల్సిందే, అతను మారతాడు. 75 ఏళ్ళ జ్ఞాపకాన్ని ఎక్కడని చెక్కుతాం? ఇవాళ చెప్పిన 2017 ఆయనకి రేపు గుర్తుండదు. నేను నవ్వడం, పిల్లలు నవ్వడం మాత్రం గుర్తుంటుందేమోనని నా భయం.

కానీ నేలని బట్టి కొలత అనగానే ఈ దేశంలో పుట్టినవాళ్ళకి ఒళ్ళు జలదరించాలి. మనుస్మృతి చేసింది అదే కదా! ఒకే నేరానికి వర్ణాన్ని బట్టి శిక్ష మార్చింది. ఆఫీసులో కూడా చూస్తుంటాం, మేనేజరుకి నచ్చినవాడి తప్పు పొరపాటు, నచ్చనివాడి తప్పు నిర్లక్ష్యం. వంగే కొలబద్ద ఎవరి చేతిలో ఉంటే వాళ్ళవైపే వంగుతుంది. అందుకే బిగుసుకున్న కొలబద్దలు కావాలని మనుషులు ఇన్నాళ్ళు పోరాడారు. 1969 ఊరేగింపులో నడిచినవాళ్ళు మొదట్లో అడిగింది కూడా, ఒకసారి రాసుకున్న ఒప్పందాన్ని వంచకుండా అమలు చెయ్యమనే.

ఈ అభ్యంతరానికి నా దగ్గరున్న జవాబు ఆ ఎదురింటి పెద్దాయన చెప్పిందే: రెండు షూలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఎత్తు నేలని బట్టి మారొచ్చు, కుడికీ ఎడమకీ మధ్య మాత్రం మారకూడదు. నాన్నకి ఒక అంగుళం వదిలితే, అదే వయసులో, అదే స్థితిలో ఉన్న మా వాచ్‌మన్ తాతకీ అంతే వదలాలి. నాన్న మర్చిపోతే జబ్బు, ఆయన మర్చిపోతే బద్ధకం అంటే నా యంత్రం ఒరిగిందని అర్థం. ఇంకో సంగతి: ఎత్తు పెంచేది నేల గొప్పదని కాదు, రాళ్ళు లేస్తాయని. మనువు చూసింది ఎవరు ఎవరనే. చూడాల్సింది గీకితే ఏం లేస్తుంది, ఎగిరిన రాయి ఎవరికి తగులుతుంది అని. ఈ రెండు షరతులూ పెట్టుకుంటే పక్షపాతం పూర్తిగా పోతుందని అనను, దాక్కోవడం మాత్రం కష్టమవుతుంది.

ఇంకొక అభ్యంతరం ఉంది, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తప్పుని వదిలెయ్యడమంటే ఆయన్ని చిన్నపిల్లాడిలా చూడటం కాదా? నేను ఎవర్నయినా గౌరవిస్తే వాళ్ళకి నిజం చెప్పాలి కదా! దీని గురించి చాలా ఆలోచించాను. ఇక్కడ ఒక గీత గీసుకున్నాను. మంచుని వదలడం వేరు, నేనే తెచ్చి పొయ్యడం వేరు. "అవును నాన్నా, అప్పుడు మెట్రో ఉండేది" అని నేను అనను. ఆయనే నా మొహం చూసి, "అప్పుడు మెట్రో ఉండెనా?" అని అడిగితే లేదని చెప్తాను. అడిగినప్పుడు అబద్ధం చెప్తే ఆయన్ని నిజంగానే చిన్నపిల్లాణ్ణి చేసినట్టు. అడగనప్పుడు ఆపి సరిదిద్దితే, ఆయన చెప్తున్నది నేను వినడం మానేసినట్టు. ఆయన ఆరోజు మెట్రో గురించి చెప్పడం లేదు కదా, ఒక పెద్దామె గురించి చెప్తున్నాడు.

ఈ గీత సరైన చోటే గీశానా అంటే, చెప్పలేను. నేల రోజురోజుకీ మారుతోంది. ఇవాళ కథలో మెట్రో వచ్చింది, రేపు ఆ పెద్దామె స్థానంలో అమ్మ రావచ్చు, ఎల్లుండి నేను ఎవరో తెలియకపోవచ్చు. ప్రతి చలికాలం మొదట్లో చెక్కముక్కలు పెట్టి కొలుచుకున్నట్టు, ప్రతిసారీ వచ్చి కొలుచుకోవాలి. ఒక్కసారి బిగించి మర్చిపోయే సెట్టింగ్ కాదిది.

నిన్న పొద్దున నాన్నతో క్యాంపస్‌లో నడకకి వెళ్ళాను. ఒకామె రోడ్డు ఊడుస్తోంది. తారు మీద పొడుగు చీపురు ఆనించి బలంగా లాగుతోంది. పక్కన మట్టి బాట మీదకి రాగానే చీపురు కాస్త పైకెత్తి, ఆకుల్ని మాత్రం తోస్తోంది. మట్టి లేవడం లేదు. ఆమెకి ఎవరూ చెక్కముక్క పెట్టి చూపించి ఉండరు. నేను ఆగి చూస్తుంటే నాన్న, "ఏం జూస్తున్నవ్‌రా?" అన్నాడు. ఏం లేదన్నాను.

తిరిగి వస్తుంటే తార్నాక స్టేషన్ దగ్గర ఆగాడు. మెట్రో స్తంభం వైపు చూపించి, "గీడికెల్లే ఉరికినం" అని మొదలుపెట్టాడు. పైన రైలు పోతోంది, ఆ చప్పుడు తగ్గేదాకా ఆగి మళ్ళీ చెప్పాడు. చెప్పు తెగింది. తలుపు తెరుచుకుంది. ఆమె ఇచ్చిన నీళ్ళు ఇత్తడి చెంబులో ఇచ్చిందట. ఆ చెంబు సంగతి నేను ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినలేదు.