పాదరక్షపై పేరెవరిది?

కరీంనగరు టవరు సర్కిలు ప్రాంతమున గాని, ఆదిలాబాదు బజారున గాని పాదరక్షల అంగడిలో అడుగిడినచో రెండు విధములైన ఆటల బూట్లు కంటబడును. ఒకటి వేయి రూపాయల లోపున దొరకునది. రెండవది ఏడెనిమిది వేలు పలుకునది. రెండింటికిని అడుగున రబ్బరే, లోపల మెత్తని నురుగు పొరయే, పైన అల్లిక గుడ్డయే. రెండవదానిపై మాత్రము లోకమెల్ల ఎరిగిన గుర్తొకటి యుండును; ఆ గుర్తు వెనుక ఒక ప్రసిద్ధ క్రీడాకారుని ముఖముండును. పరుగు సాధన చేయు పిల్లవాని చూపు రెండవదానిపై నిలుచును. తండ్రి చేయి మొదటిదానివైపు పోవును. ఆ చూపునకు తప్పు పట్టవలెనా, ఆ వెలకు తప్పు పట్టవలెనా?

పెద్దలు సాధారణముగ చూపునకే తప్పు పట్టుదురు. పేదవానికి ఆడంబరమేలయని ఒక్కమాటతో తేల్చివేయుదురు. 1960లో రోము ఒలింపిక్సున వట్టి కాళ్లతో మారథాను గెలిచిన ఇథియోపియా వీరుడు అబెబె బికిలాను ఉదాహరింతురు. అతడే 1964లో టోక్యోలో బూట్లు తొడిగి మరల గెలిచిన సంగతి మాత్రము చెప్పరు! కరీంనగరులోను, ఆదిలాబాదులోను ప్రభుత్వ క్రీడా పాఠశాలలు గలవు. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకములలో పురుషులు 1600 మీటర్లు, స్త్రీలు 800 మీటర్లు పరుగెత్తవలసి యుండెను. బీడీలు చుట్టు తల్లికి, ప్రత్తి చేను దున్ను తండ్రికి పుట్టిన బిడ్డలకు ఆ పరుగే బ్రతుకుదెరువు. సిరిసిల్ల నేతగానికి మగ్గమెట్లో వారికి బూటు అట్టిది. కాయకమునకు వలయు పనిముట్టును ఆడంబరమనుట తగదు.

అయినను పనిముట్టు చాలునా, దానిపై పేరు కూడ వలెనా యను ప్రశ్న మిగిలియే యున్నది. అస్సాము రాష్ట్రమునకు చెందిన హిమాదాసు 2018లో ఫిన్లాండు దేశమున తాంపెరె నగరమున జరిగిన ఇరువదియేండ్ల లోపువారి ప్రపంచ పోటీలలో 400 మీటర్ల పరుగున స్వర్ణపతకము గెలిచెను. తొలినాళ్లలో తండ్రి కొనితెచ్చిన సామాన్యపు బూట్లపై ఆమె తన చేతితోనే 'అడిడాసు' అని వ్రాసికొనెనట. ఈ మాట ఆమెయే 2020లో క్రికెటు ఆటగాడు సురేశ్ రైనాతో ముచ్చటించుచు చెప్పెను. ఆ గెలుపు పిమ్మట ఆ సంస్థయే ఆమె పేరు అచ్చువేసిన బూట్లను చేయించి యిచ్చెను. చేతితో వ్రాసికొన్న ఆ అక్షరముల వలన బూటు అడుగున రబ్బరు వీసమెత్తు మారలేదు. కాని ఆ పిల్ల కోరినది రబ్బరును కాదు. పరుగు గీత వద్ద తనతో నిలిచినవారి నడుమ తానును ఒకతెనని అనిపించుకొన గోరెను. ఈ కోరికలో దోషమేమున్నది? దోషము, ఆ కోరిక ఎంత లోతైనదో తూచి, ఆ లోతునకు తగిన వెల కట్టు వర్తకునిది.

1984లో నైకీ సంస్థ మైకేలు జోర్డాను అను యువ బాస్కెట్‌బాలు ఆటగానితో ఒప్పందము చేసికొనెను. మరుసటి యేడు అతని పేర వెలువడిన బూట్ల వెల 65 డాలర్లు. ఆనాటికి అది స్వల్పము కాదు. ఆ పేరెంత ప్రబలెననగా 1989లో మేరీలాండు రాష్ట్రమున పదునైదేండ్ల బాలుడొకడు ఆ బూట్ల కొరకే చంపబడెను. అట్లని ఖరీదైన బూట్లన్నియు వట్టి పేరేయనుట అన్యాయమగును. మంచి నురుగు కాలి కీళ్లను కాపాడును. మంచి జిగురు వానకాలమున ఊడిపోదు. పోటీలకు పోవువానికి ఈ భేదము లెక్కలోనిదే. కాని పరుగు నేర్చుకొను పిల్లవాడు చెల్లించు అదనపు వేలలో కాలికి చేరునదెంత, గోడమీది ముఖమునకు చేరునదెంత యని అడుగు హక్కు తండ్రికి కలదు.

ఈ ప్రశ్నను ఆ ముఖములలో ఒకటియే అడిగిన సందర్భము అమెరికాలో కలదు. స్టీఫెన్ మార్బరీ న్యూయార్కు నగరపు కోనీ ఐలాండు పేదవాడలో, ఏడుగురు సంతానమున్న ఇంట పెరిగినవాడు. ఆటలో పేరును ధనమును గడించిన పిమ్మట, 2006లో, స్టీవ్ అండ్ బ్యారీస్ అను దుకాణముల సంస్థతో కలిసి 'స్టార్‌బరీ' యను పేర బూట్లను 14 డాలర్ల 98 సెంట్లకు అమ్మించెను. నాడు పేరుపొందిన ఆటగాండ్ర బూట్లు నూరు డాలర్లు దాటియుండెను. అతడు ముందుగా పెద్ద మొత్తము పుచ్చుకొనక, అమ్మకములపై వచ్చు భాగమునకే ఒప్పుకొనెను. అన్నిటికన్న ముఖ్యమైనది, ఆ యేటి పోటీలలో న్యూయార్కు నిక్స్ జట్టు పక్షమున ఆ బూట్లే తొడిగి దిగెను.

దీనిని దాసోహమనవచ్చునా? తొందరపడి అనరాదు. అతనికిని అమ్మకముపై రాబడి కలదు. దీనిని కాయకమనుటయే సరి. నిజమునకు ఇందువలననే దీని విలువ హెచ్చినది. ఉచితముగ పంచియుండినచో పుచ్చుకొన్న పిల్లవాడు తల వంచవలసి వచ్చెడిది. పదునైదు డాలర్లిచ్చి కొన్నవాడు తలయెత్తి నడచెను. చౌక బూట్లు ఏ ఊరనైనను దొరకును. దొరకనిది ఒకటే: వానిని తొడిగి సిగ్గుపడకుండుట. కోట్ల ధనము గల ఆటగాడు అవే బూట్లతో ఆడుట చూచిన పిమ్మట 'పేదవాని బూట్లు' అను నింద చాలవరకు చెల్లకపోయెను.

2008 జూలైలో ఆ దుకాణముల సంస్థ దివాలా తీసెను. క్రొత్త దుకాణము తెరచినందుకు వ్యాపార సముదాయముల యజమానులిచ్చు సొమ్ముపై అది అతిగ ఆధారపడినది. బూటు చెడి కాదు, లెక్క చెడి పడిపోయినది. సదుద్దేశము వలన జమాఖర్చులు వాటంతట అవి సరిపడవు.

తెలుగువారిలో పుల్లెల గోపీచందు మరియొక దారి చూపెను. 2001లో ఆల్ ఇంగ్లండు బ్యాడ్మింటను పోటీలో గెలిచిన పిమ్మట, తాను త్రాగని శీతల పానీయమునకు ప్రచారము చేయజాలనని నిరాకరించెను. ఒకడు పేరునిచ్చెను, ఒకడు ఇవ్వకుండెను. తాను వాడనిదానికి పేరునీయరాదను నియమము మాత్రము ఇద్దరిదియు నొక్కటియే. మన దేశమున తక్కువ వెల బూట్ల ప్రకటనలలో ఆటగాండ్రకన్న తరచుగ సినిమా నటులే కనిపింతురు. ఆ నటులు ఇంట ఏమి తొడుగుదురో ఊహించుట కష్టము కాదు.

అట్లయిన మన క్రీడాకారులు మార్బరీవలె చేయవలెనని కోరవచ్చునా? నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీను 2022లోను, 2023లోను ప్రపంచ బాక్సింగు విజేతయైనది. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు పేద కుటుంబమున పుట్టిన జీవంజి దీప్తి 2024 పారిసు పారాలింపిక్సున 400 మీటర్ల పరుగున కాంస్యపతకము తెచ్చినది. ఇట్టివారి పేరొక చౌక బూటుపై నిలిచినచో ఉట్నూరు ఆశ్రమ పాఠశాలలోని గోండు బాలికకు అది ఎంత ధైర్యమో చెప్పనక్కరలేదు. కాని క్రీడాకారిణి పరుగు కొద్ది సంవత్సరముల సొత్తు. మోకాలు ఒకమారు దెబ్బతిన్నచో ఆ పేరు మరల అమ్ముడుపోదు. మార్బరీ ధనవంతుడైన తరువాత ఆ పని చేసెను. ఇంకను అప్పులు తీర్చుకొనుచున్న కుటుంబపు బిడ్డను ముందుగా త్యాగము చేయుమనుట, ఏమియు కోల్పోనివారు కూర్చుండి చెప్పు ధర్మము. ఆ మాట ఎవరితోనైన అనదలచినచో, ఒక్కొక్క ఒప్పందమునకు కోట్లు పుచ్చుకొను క్రికెటు ఆటగాండ్రతో అనవచ్చును.

పాదరక్షల మాట వచ్చినపుడు శరణులకు హరళయ్య కథ గుర్తురాక మానదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమున చెప్పులు కుట్టు హరళయ్య బసవేశ్వరునికి 'శరణు' అనగా, ఆయన 'శరణు శరణార్థి' అని రెండింతలుగ బదులు పలికెనట. ఆ అదనపు నమస్కారపు ఋణము తీర్చుటకై హరళయ్యయు భార్య కల్యాణమ్మయు తమ తొడల చర్మముతో పాదరక్షలు కుట్టి తెచ్చిరి. బసవేశ్వరుడు వానిని కాలికి తొడుగక తలపై నిడుకొనెను. ఈ కథలో తొడుగువాడు ఎంత పెద్దవాడైనను పాదరక్షపై నిలిచిన పేరు కుట్టినవానిదే. తొమ్మిది వందల యేండ్లుగా జనులు వానిని హరళయ్య పాదరక్షలనియే చెప్పుకొనుచున్నారు.

నేడు తిరుపతి జిల్లా తడ మండలమున మాంబట్టు గ్రామము వద్ద అడిడాసు సంస్థకు బూట్లు తయారుచేయు పెద్ద కర్మాగారము కలదు. అచట పనిచేయువారిలో పెక్కుమంది చుట్టుప్రక్కల పల్లెల స్త్రీలు. హిమాదాసు చేతితో వ్రాసికొన్న పేరును బూట్లపైకి ఎక్కించు చేతులలో తెలుగు చేతులును గలవు. బూటుపై సంస్థ గుర్తుండును, ఒక్కొక్కప్పుడు ఆటగాని పేరుండును. కుట్టిన ఆమె పేరుండదు. వేయి రూపాయల బూటుపైనను ఉండదు, స్టార్‌బరీపైనను లేకుండెను. వెల తగ్గినపుడు ఆ తగ్గుదల ప్రకటన ఖర్చునుండి వచ్చెనా, ఆమె కూలినుండి వచ్చెనా? అంగడివాడు తండ్రి చేతికిచ్చు పెట్టెపై కొలత, వెల, తయారైన నెల, దేశము అచ్చువేయబడి యుండును. ఈ ఒక్క సంగతి అచట కనిపించదు.